అరికాళ్ళలో కారం: నరాల నొప్పి విశేషాలు

మా మేనత్త రాత్రి పడుకునే ముందు మంచం పక్కన ఒక బేసిన్‌లో నీళ్ళు పోసి, అందులో తువ్వాలు నానేసుకునేది. అర్ధరాత్రి దాటాక లేచి ఆ తువ్వాలు పిండి పాదాలకు చుట్టుకునేది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక కాళ్ళు బయటే పెట్టుకునేది. "అరికాళ్ళకు ఎవరో కారం పూసినట్టుందిరా" అనేది. చూస్తే వాపు లేదు, ఎరుపు లేదు, పుండు లేదు. వచ్చినవాళ్ళంతా వేడి చేసిందని, మజ్జిగ తాగమని చెప్పి వెళ్ళేవారు. అది షుగర్ వల్ల వచ్చిన నరాల నొప్పి అని తేలడానికి ఏళ్ళు పట్టింది. నిజానికి ఆమె నోటి వెంట వచ్చిన ఆ 'కారం' అన్న మాటలోనే జబ్బు ఆనవాలు ఉంది. ఆ మాటను పట్టించుకున్నవాళ్ళే లేకపోయారు. అలాంటి మాటలు మన ఇళ్ళలో వినపడినప్పుడు గుర్తుపట్టాలని ఈ విశేషాలు.

◆ నూటికి ఏడు నుంచి పది మంది

వివిధ దేశాల సర్వేలను కలిపి చూసిన పరిశోధకులు జనంలో 7 నుంచి 10 శాతం మందికి నరాల నొప్పి లక్షణాలు ఉన్నాయని అంచనా కట్టారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 8 కోట్ల 46 లక్షలు. అదే పాళ్ళు మనకూ వర్తిస్తాయనుకుంటే ఒక్క తెలుగు నేల మీదే 60 నుంచి 85 లక్షల మంది అన్నమాట. యాభై దాటినవారిలో ఇది ఎక్కువ. మగవారి కంటే ఆడవారిలో కొంత ఎక్కువ. పది మంది కూర్చున్న బంతిలో ఒకరికి ఉండగల బాధ ఇది. అయినా బీపీ, షుగర్, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నంతగా దీని గురించి మాట్లాడుకోం.

◆ గుమ్మంలో ఎవరూ లేకున్నా మోగే బెల్లు

వేలు తెగితే నొప్పి పుడుతుంది. అక్కడ నరం తన పని తాను చేస్తోంది, గాయం సంగతి మెదడుకు చేరవేస్తోంది. నరాల నొప్పి సంగతి వేరు. ఇక్కడ దెబ్బతిన్నది ఆ కబురు మోసే నరమే. కాలింగ్ బెల్లు వైరు ఒరుసుకుపోతే గుమ్మంలో ఎవరూ లేకపోయినా బెల్లు మోగుతూనే ఉంటుంది కదా, అలాగే కాల్లో గాయం లేకపోయినా మెదడుకు నొప్పి కబుర్లు వెళ్తూనే ఉంటాయి. అందుకే పైకి ఏమీ కనిపించదు. కనిపించనంత మాత్రాన ఆ నొప్పి అబద్ధం కాదు. స్పర్శను, నొప్పిని మోసే నాడీ వ్యవస్థకు దెబ్బ తగలడం వల్లో, జబ్బు చేయడం వల్లో వచ్చే నొప్పి అని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం దీన్ని నిర్వచించింది.

◆ 'నరం' అనే మాటతో చిక్కు

మన వాడుకలో నరం అంటే రెండు. "నరానికి ఇంజెక్షన్ చేశారు" అంటే అది రక్తనాళం. "నరం లాగేస్తోంది" అంటే స్పర్శ మోసే నరం. చేతి మీద తేలి కనిపించే 'నరాలు' నిజానికి సిరలు. "నరం మీద నరం ఎక్కింది" అని మనం అనేది చాలాసార్లు కండరం పట్టేయడమే. అక్కడ ఒక నరం మరో నరం మీదికి ఎక్కేదేమీ ఉండదు. "నరాల బలహీనత" అన్న మాట అయితే నీరసం నుంచి వణుకు వరకు అన్నిటికీ వాడేస్తాం. అందుకే డాక్టర్ దగ్గర "నరాల నొప్పి" అని ఊరుకోకుండా ఎక్కడ, ఎలా, ఎప్పుడు అన్నది విడమరిచి చెప్పడం మేలు.

◆ పరీక్ష మన మాటల్లోనే ఉంది

నరాల నొప్పిని పసిగట్టడానికి ఫ్రాన్స్ వైద్యులు 2005లో డీఎన్4 అనే చిన్న ప్రశ్నపత్రం తయారుచేశారు. మొత్తం పది అంశాలు. నాలుగు లేదా అంతకు మించి 'అవును' అయితే నరాల నొప్పి అయ్యే అవకాశం ఎక్కువ. ఏడు అంశాలు రోగిని అడిగేవి: మంట ఉందా? చల్లదనం నొప్పిగా తెలుస్తోందా? కరెంటు షాక్ కొట్టినట్టు ఉందా? చీమలు పాకినట్టు ఉందా? సూదులు గుచ్చినట్టు ఉందా? మొద్దుబారిందా? దురదగా ఉందా? మిగిలిన మూడు డాక్టర్ చేసి చూసేవి: తాకితే స్పర్శ తగ్గిందా, సూదిమొన తెలియడం తగ్గిందా, బ్రష్‌తో మెల్లగా నిమిరితే నొప్పి వస్తోందా. ఈ ఏడు ప్రశ్నలకూ మన పెద్దవాళ్ళ నోట మాటలు సిద్ధంగా ఉన్నాయి. తిమ్మిర్లు, జివ్వుమనడం, తెలంగాణలో అయితే గుంజుడు, జోము పట్టుడు. ఆ మాటలను అలాగే డాక్టర్ ముందు పెట్టండి. అవి ఇంగ్లిష్‌లో చెప్పాల్సిన పని లేదు.

◆ ఒకే దెబ్బకు రెండు నొప్పులు

గుమ్మానికి కాలి బొటనవేలు తగిలినప్పుడు గమనించండి. ముందు సూదిలా చురుక్కుమంటుంది, క్షణం ఆగాక సలుపుతో కూడిన నొప్పి మెల్లగా పైకి వస్తుంది. ఎందుకంటే కబురు మోసే తీగలు రెండు రకాలు. సన్నటి పొర చుట్టి ఉన్నవి సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో కబురు అందిస్తాయి. పొర లేని అతి సన్నటి సీ తీగల వేగం సెకనుకు అర మీటరు నుంచి 2 మీటర్లే, అంటే మనిషి నడక పాటి. మంట, సలుపు మోసేవి ముఖ్యంగా ఈ సన్న తీగలే.

◆ రిపోర్టు నార్మల్, నొప్పి నిజం

నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష పెద్ద తీగల గురించి మాత్రమే చెబుతుంది. సన్న తీగలు మాత్రమే దెబ్బతిన్నప్పుడు ఆ పరీక్ష పూర్తిగా నార్మల్‌గా రావచ్చు. అలాంటప్పుడు చర్మం నుంచి చిన్న ముక్క తీసి, అందులో నరాల కొసలు ఎన్ని మిగిలాయో మైక్రోస్కోప్ కింద లెక్కపెడతారు. కాబట్టి రిపోర్టు బాగుందని "అంతా నీ భ్రమ" అనకండి. ఆ మాట నొప్పి కంటే ఎక్కువ బాధ పెడుతుంది.

◆ పాదాల నుంచే ఎందుకు మొదలు?

నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా సాగే నరకణం ఒక్కటే దాదాపు మీటరు పొడవు ఉంటుంది. కణం కేంద్రం వెన్ను దగ్గర, కొస బొటనవేలిలో. కొసకు కావలసిన సరుకంతా అంత దూరం మోసుకెళ్ళాలి. కాలువ చివరి పొలానికే ముందు నీళ్ళు కరువైనట్టు, ఒంట్లో ఏ లోపం వచ్చినా ముందు ఎండేది ఈ పొడవాటి నరాల కొసలే. అందుకే షుగర్ వల్లో విటమిన్ లోపం వల్లో వచ్చే నరాల జబ్బు రెండు పాదాల్లో ఒకేసారి మొదలై, మేజోళ్ళు తొడిగినట్టు పైకి పాకుతుంది. అది మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతివేళ్ళలోనూ తిమ్మిర్లు మొదలవుతాయి.

◆ షుగర్ లెక్క

2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగర్ అంచున ఉన్నారు. షుగర్ ఉన్నవారిలో సగం మంది వరకు ఎప్పుడో ఒకప్పుడు నరాల దెబ్బ ఎదుర్కొంటారు. వారిలో అందరికీ నొప్పి ఉండదు. కొందరికి మంట, కొందరికి మొద్దుబారడం, కొందరికి రెండూ. వినడానికి వింతగా ఉన్నా పిన్నుతో గుచ్చితే తెలియని పాదమే రాత్రంతా మండుతూ ఉండగలదు. స్పర్శ మోసే తీగ తెగింది, మిగిలిన తీగ ఊరికే కేకలు పెడుతోంది. అందుకే అరికాళ్ళ మంట ఉన్నవారు వేడినీళ్ళ కాపడం పెట్టుకోవద్దు. చర్మం కాలినా తెలియదు.

◆ పది గ్రాముల దారం

మేనత్తను చివరికి ఒక షుగర్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన బల్ల సొరుగులోంచి పెన్ను లాంటిది తీశారు. దాని కొసకు చేపల గాలం దారం లాంటి నైలాన్ పోగు. "అమ్మా, కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా 'ఆ' అనండి" అన్నారు. పోగు కొద్దిగా వంగేదాకా బొటనవేలి కింద ఆనించారు. ఆమె పలకలేదు. పక్కవేలు, మళ్ళీ పలకలేదు. మడమ దాటాక "ఆ" అంది. అంతకుముందు, ఇంకా తగలనే లేదనుకుని ఎదురుచూస్తూ, "మొదలుపెట్టండి నాయనా" అని కూడా అంది. మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆ పోగు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసినది. అది తెలియని పాదానికి పుండు పడే ముప్పు ఎక్కువ. రెండు నిమిషాల పరీక్ష. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారైనా చేయాలి. డాక్టర్ చేయకపోతే మీరే చెప్పులు విప్పి అడగండి.

◆ మండే పాదాలకు గోపాలన్ పేరు

అరికాళ్ళ మంటల గురించి 1826లోనే గ్రీర్సన్ అనే వైద్యుడు రాశాడు. తర్వాత 1946లో సి. గోపాలన్ పోషకాహార లోపం ఉన్నవారిలో ఈ మంటలను పరిశీలించి, పాంటోథెనిక్ ఆమ్లం అనే బి విటమిన్‌తో గుణం కనిపించిందని ప్రకటించారు. వైద్య గ్రంథాల్లో దీనికి గ్రీర్సన్-గోపాలన్ సిండ్రోమ్ అని పేరు పడింది. ఆ గోపాలనే తర్వాత హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించారు. పేదవాడి కంచంలో లోపం వాడి అరికాళ్ళలో మంటగా బయటపడుతుందని చూపిన పని అది. ఈ రోజుల్లో అరికాళ్ళ మంటలకు షుగరే పెద్ద కారణం అయినా, విటమిన్ లోపం సంగతి మరచిపోకూడదు.

◆ సుబ్బారావు కాలంలో నేర్చిన పాఠం

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహిస్తుండగా 1945లో అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. రక్తహీనత రోగులకు అది వరమైంది. కానీ ఒక రకం రక్తహీనతలో రక్తం బాగుపడినా నరాలు మాత్రం దెబ్బతింటూనే పోయాయి. అసలు లోపం మరొకటని తేలింది. 1948లో విడదీసిన బి12 విటమినే అది. నేటికీ ఈ పాఠం పాతబడలేదు. బి12 లోపాన్ని చూడకుండా ఫోలిక్ ఆమ్లం మాత్రలే మింగితే రక్తం రిపోర్టు బాగుంటుంది, నరాలు లోపల చితికిపోతుంటాయి. శాకాహారులు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతున్నవారు తిమ్మిర్లు మొదలైతే బి12 పరీక్ష చేయించుకోవాలి. ముందుగా పట్టుకుంటే పూర్తిగా నయమయ్యే నరాల జబ్బుల్లో ఇదొకటి.

◆ తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే

టీబీకి వాడే ఐసోనియాజిడ్ అనే మందు ఒంట్లో బి6 విటమిన్‌ను తగ్గించి కాళ్ళలో మంటలు, తిమ్మిర్లు తెస్తుంది. అందుకే ఆ మందుతో పాటు బి6 మాత్ర కూడా ఇస్తారు. ఆ చిన్న మాత్రను అనవసరం అనుకుని పక్కన పెట్టకండి. అదే బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి తీసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుంది. మందుల షాపులో అడిగి 'నరాల బిళ్ళలు' ఏళ్ళ తరబడి మింగేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

◆ ఆటలమ్మ వదిలి వెళ్ళదు

చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోతుంది. కానీ ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్ను పక్కన నరాల మూలాల్లో దశాబ్దాల పాటు నిద్రపోతుంది. వయసు మీరాకో, రోగనిరోధక శక్తి తగ్గాకో లేచి, ఒక నరం వెంట ఒంటికి ఒకే పక్క పట్టీలా పొక్కులు పోస్తుంది. మనం సర్పి అనేది దీన్నే. ఈ రెండు జబ్బులూ ఒకే వైరస్ పనేనని, లోపల దాగినదే మళ్ళీ లేస్తుందని 1965లో వివరంగా వాదించిన హోప్-సింప్సన్ పెద్ద ప్రయోగశాల శాస్త్రవేత్త కాదు. ఇంగ్లండ్‌లోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసుకునే డాక్టర్. తన రోగుల వివరాలు ఏళ్ళ తరబడి ఓపిగ్గా రాసుకుని ఆ మాట చెప్పగలిగాడు.

పొక్కులు మాడిపోయినా కొందరికి నొప్పి మూడు నెలలు దాటినా వదలదు. చొక్కా గుడ్డ తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే జబ్బు తీవ్రత, రోజులు తగ్గుతాయి. నాటువైద్యం చేయించి చూద్దామనుకుంటే ఆ మూడు రోజులూ గడిచిపోతాయి. యాభై దాటినవారికి రెండు డోసుల టీకా ఉంది. పరీక్షల్లో అది 90 శాతానికి పైగా రక్షణ ఇచ్చింది. 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది.

◆ పళ్ళు పీకించుకున్నా పోని పంటి నొప్పి

మొహం కడుక్కుంటుంటే, అన్నం నములుతుంటే, చల్లగాలి తగిలితే దవడలో మెరుపులా షాక్. కొన్ని సెకన్లే, కానీ మనిషిని కుదిపేస్తుంది. ఇది ట్రైజెమినల్ న్యూరాల్జియా, మొహంలోని నరం నొప్పి. చాలామంది దీన్ని పంటి నొప్పి అనుకుని ఒకటి తర్వాత ఒకటి మంచి పళ్ళు పీకించుకుంటారు. మూర్ఛకు వాడే, స్విట్జర్లాండ్‌లో తయారైన కార్బమజెపిన్ అనే మందు దీన్ని బాగా అణచగలదని 1962లో బ్లోమ్ అనే వైద్యుడు ప్రకటించాడు. ఇప్పటికీ అదే మొదటి మందు. అయితే ఆసియా వారిలో కొందరికి జన్యు కారణాల వల్ల ఈ మందు చర్మానికి ప్రాణాంతకమైన దద్దుర్లు తేగలదు. ఒంటి మీద దద్దురు, నోట్లో పూత కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. మందుకు లొంగనివారికి నరాన్ని ఒరుసుకుంటున్న రక్తనాళాన్ని పక్కకు జరిపే ఆపరేషన్ ఉంది.

◆ గద్ద నడక

నడుము నుంచి పిరుదు మీదుగా కాలి వెనక జివ్వున దిగే నొప్పి సయాటికా. ఆయుర్వేదం దీన్ని గృధ్రసి అంది. గృధ్రం అంటే గద్ద. నొప్పి పడలేక కాలు ఈడుస్తూ నడిచే తీరు చూసి పెట్టిన పేరు. వెన్నుపూసల మధ్య డిస్కు జారి నరం వేరును నొక్కడం వల్ల ఇది వస్తుందని 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ చూపించారు. ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. అన్నాళ్ళూ మంచం మీదే పడుకోవడం కంటే ఓర్చుకోగలిగినంత మేర తిరగడమే మంచిది. కానీ మూత్రం బిగుసుకుపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఒక్క రోజు కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

◆ అర్ధరాత్రి చేయి విదిలిస్తున్నారా?

నిద్రలో బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, చేయి విదిలిస్తే హాయిగా ఉంటోందంటే అది మణికట్టు దగ్గర నరం నలగడం కావచ్చు. వైద్యులు కార్పల్ టన్నెల్ అంటారు. గర్భిణులకు, థైరాయిడ్, షుగర్ ఉన్నవారికి, రోజంతా మణికట్టుతో పని చేసేవారికి ఇది ఎక్కువ. రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటేనే చాలామందికి సుఖం దొరుకుతుంది. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయేదాకా ఆగితే పట్టు తిరిగి రావడం కష్టం.

◆ నెల్లూరు, నల్లగొండ నీళ్ళు

ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను వంచడంతో ఆగవు. వెన్నులో ఎముక మందమెక్కి, వెన్నుపాము పోయే దారి ఇరుకై, నరాల వేర్లు నొక్కుకుపోతాయి. కాళ్ళలో తిమ్మిరి, పోటు, చివరికి చచ్చుబడడం. ఈ జబ్బు మనుషులను ఎలా కుంగదీస్తుందో 1937లో షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లా రోగులను చూసి రాసింది. తర్వాత హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఫ్లోరైడ్ నరాలకు చేసే హాని మీద ఏళ్ళ తరబడి పరిశోధించారు. నరాల నొప్పికి మందు కొన్నిసార్లు మంచినీళ్ళ కుళాయిలో ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

◆ నొప్పి తెలియకపోవడమే శాపం

కుష్ఠు క్రిమికి నరాలంటే ప్రీతి. అది నరాల చుట్టూ ఉండే కణాల్లోనే చేరి స్పర్శను చంపేస్తుంది. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ స్థాపించిన కుష్ఠు ఆస్పత్రి తెలుగువారికి తెలిసినదే. వేలూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఒక సత్యం కనిపెట్టాడు. కుష్ఠులో వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోవడం లేదు. నొప్పి తెలియక రోగులే వేడి గిన్నెలు పట్టుకుని, ముళ్ళు తొక్కి, ఆ గాయాలతోనే పని చేస్తూ చేతులారా పోగొట్టుకుంటున్నారు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కుష్ఠు కేసుల్లో సగానికి పైగా నేటికీ మన దేశంలోనివే. స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే దాచకండి. మందు ఉచితం, జబ్బు పూర్తిగా నయమవుతుంది. చికిత్స ముగిశాక కూడా కొందరికి నరాల నొప్పి మిగులుతుంది, దానికీ వైద్యం ఉంది.

◆ బూట్లలో నీళ్ళు పోసుకున్న సైనికులు

అమెరికా అంతర్యుద్ధంలో తుపాకీ గుండ్లు తగిలి నరాలు చితికిన సైనికులకు ఫిలడెల్ఫియాలో సైలాస్ వియర్ మిచెల్ అనే వైద్యుడు సేవ చేశాడు. 1864లో ఆయన బృందం రాసిన పుస్తకంలో మండే చేతులను తడిగుడ్డతో చుట్టుకున్నవారు, నడిచేటప్పుడు నొప్పి తగ్గాలని బూట్లలో నీళ్ళు పోసుకున్నవారు కనిపిస్తారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు మా మేనత్త బేసిన్ గుర్తొచ్చింది. దేశం వేరు, కాలం వేరు, మంట ఒక్కటే. తీసేసిన కాలు ఉన్నట్టే అనిపించి నొప్పి పెట్టడాన్ని ఫాంటమ్ లింబ్ అని పిలిచిందీ ఆయనే. దానికి 1990ల్లో ఒక అద్దం పెట్టెతో ఉపశమనం చూపినవాడు తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్. ఉన్న చేతిని అద్దంలో చూస్తూ కదిలిస్తే లేని చేయి పిడికిలి విప్పినట్టు మెదడు నమ్ముతుంది. కొందరికి ఆ నొప్పి సడలుతుంది.

◆ ప్రాణం పోసే మొక్క, తిమ్మిరి తెచ్చే మొక్క

మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న ఎందరో పిల్లల ప్రాణాలు నిలిపింది. అదే మందు నరాలకు దెబ్బ. ఇంకొన్ని క్యాన్సర్ మందులూ అంతే. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవారికి ఫ్రిజ్‌లోని గ్లాసు పట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి. కీమో తీసుకునేవారు వేళ్ళ తిమ్మిరిని "ఇది మామూలేలే" అని భరించకుండా ప్రతిసారీ డాక్టర్‌కు చెప్పాలి. మోతాదు సర్దవచ్చు.

◆ నొప్పి బిళ్ళలు పనిచేయని నొప్పి

పారాసెటమాల్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి నరాల నొప్పికి దాదాపు పనికిరావు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వాపును తగ్గించేవి, ఇక్కడ వాపు లేదు. వాటిని ఏళ్ళ తరబడి మింగితే కిడ్నీలు పాడవవచ్చు, మంట మాత్రం తగ్గదు. షుగర్ ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. వైద్యులు ముందుగా ఇచ్చేవి మూడు వర్గాలు: అమిట్రిప్టిలిన్ వంటివి, డులాక్సెటిన్ వంటివి, గాబాపెంటిన్-ప్రీగాబాలిన్ జంట. మొదటి రెండూ దిగులు జబ్బుకు, మూడోది మూర్ఛకు వచ్చిన మందులు. అందుకే చీటీ చూసి "నాకు పిచ్చి మందులు రాశారు" అని మానేసేవారున్నారు. అలా అనుకోవద్దు. అవి దారి తప్పిన నరాల కేకలను తగ్గిస్తాయి. నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ తరచు రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. దిగులుకు వాడే మోతాదులో అది చిన్న భాగం.

◆ ఒక్కరికి సగం తగ్గాలంటే

2015లో అంతవరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కించారు. మందు లేని ఉత్త బిళ్ళతో వచ్చే గుణానికి మించి ఒక్కరికి నొప్పి సగానికి తగ్గాలంటే అమిట్రిప్టిలిన్ వర్గం మందు సుమారు నలుగురికి, డులాక్సెటిన్ వర్గం ఆరుగురికి, ప్రీగాబాలిన్ ఏడెనిమిది మందికి ఇవ్వాలి. అంటే ఒక మందు పనిచేయకపోతే వైద్యం అయిపోయినట్టు కాదు, రెండోది చూడాలి. 2022లో బ్రిటన్‌లోని 13 కేంద్రాల్లో షుగర్ నరాల నొప్పి ఉన్న 130 మంది మీద జరిగిన ప్రయోగంలో ఈ మూడింటిలో దేనితో మొదలుపెట్టినా ఫలితం ఒకేలా వచ్చింది. ఒకదానితో చాలనివారికి రెండోది కలిపితే ఇంకొంత తగ్గింది. మందు తక్కువ మోతాదుతో మొదలై మెల్లగా పెరుగుతుంది. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో మత్తు, తల తిరగడం, నోరు ఎండడం ఉండవచ్చు. పెద్దవాళ్ళు రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. సొంతంగా ఒక్కసారిగా మానకూడదు.

◆ కారానికి కారమే మందు

మిరపలో ఘాటు క్యాప్సైసిన్ అనే పదార్థానిది. అది నరాల కొసల మీద ఏ తలుపు తడుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. అదే తలుపు 43 డిగ్రీలు దాటిన వేడికీ తెరుచుకుంటుంది. కారం తింటే 'మంట' అనడం ఉత్త పోలిక కాదని, నరానికి ఆ రెండూ ఒకటేనని తేలింది. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంకా విశేషం, ఆ తలుపును పదే పదే తట్టితే నరం కొస అలిసిపోయి కొన్నాళ్ళు మూగబోతుంది. అందుకే క్యాప్సైసిన్ క్రీము, 8 శాతం ఘాటు ఉన్న పట్టీ నరాల నొప్పికి మందులయ్యాయి. పాదాలకు ఆ పట్టీ అరగంట వేస్తే ఉపశమనం మూడు నెలల దాకా ఉండవచ్చు. దాన్ని వైద్యుల పర్యవేక్షణలోనే వేయాలి. గుంటూరు కారం తెచ్చి ఇంట్లో పూసుకునే పని మాత్రం చేయకండి. స్పర్శ లేని చర్మం పొక్కిపోతుంది.

◆ అమ్మ రుద్దితే ఎందుకు తగ్గుతుంది?

దెబ్బ తగిలిన చోట రుద్దితే హాయిగా ఉంటుంది. స్పర్శ మోసే మందపాటి తీగలు వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకు గేటు వేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. చర్మం మీద చిన్న కరెంటు తరంగాలు పంపే టెన్స్ మిషన్, వెన్నుపాము పక్కన అమర్చే తీగలు ఆ ఆలోచన లోంచి వచ్చినవే. మందులన్నీ విఫలమైనప్పుడు నొప్పి క్లినిక్‌లలో ఈ దారి చూస్తారు.

◆ రోజుకు ఒక మిల్లీమీటరు

చేతిలోనో కాల్లోనో తెగిన నరం తగిన దారి దొరికితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. నెలకు అంగుళం. మోచేతి దగ్గర గాయమైతే వేలికొసకు స్పర్శ రావడానికి ఏడాది దాటవచ్చు. నరాల వైద్యంలో ఓపిక కూడా మందులో భాగమే.

మేనత్తకు ఆ డాక్టర్ రాత్రికి ఒక చిన్న మాత్ర రాశారు. షుగర్ అదుపులోకి తెచ్చారు. రోజూ పాదాలు అద్దంలో చూసుకోమన్నారు. మంట పూర్తిగా పోలేదు, కానీ నెలన్నరకు బేసిన్ మంచం పక్క నుంచి బావి గట్టుకు మారింది. రాత్రిళ్ళు నిద్ర పట్టింది. ఆమె అడిగిందీ అంతే.

మీ ఇంట్లో ఎవరైనా కారం పూసినట్టుంది, చీమలు పాకుతున్నాయి, కరెంటు కొట్టినట్టుంది, జోము పట్టింది అంటుంటే వయసని, వేడని తీసిపారేయకండి. ఆ మాటలను వాళ్ళు అన్నట్టే ఒక కాగితం మీద రాయండి. ఎప్పటి నుంచి, ఏ వేళలో, ఏ మందులు వాడుతున్నారు అన్నదీ రాయండి. షుగర్, బి12 పరీక్షలు చేయించండి. ఆ కాగితం పట్టుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.